నలభై ఏడో సంచి

పొద్దున్న పదింటికి టెక్కలి ఆఫీసులో గ్రానైటు క్వారీల పటం ముందు కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దాయన గొంతు. "బావూ, పలాస షెడ్డులో కంప్యూటర్ మీద రంగులేసినోరు మీరేనా?" అని అడిగాడు. నా ఉద్యోగాన్ని అంత కచ్చితంగా చెప్పిన మనిషి నాకు ఒక్కతే తెలుసు. అది షెడ్డులో ఇసుక కడిగే పెద్దమ్మ మాట. ఆమె పోయిందని ఆయన చెప్పకముందే తెలిసిపోయింది.

ఆయన అక్కుపల్లి దాటాక వచ్చే వాళ్ళ ఊరి చర్చి సంఘ పెద్ద. "తెల్లారగట్ల పెబువు పిలిసినాడు బావూ. ఈయేల పొద్దుగూకే నోపల భూస్థాపన సేసియ్యాల. మొగుడి పక్కనే పెట్టమని పట్టు పట్టి మరీ పోనాది. ఆయన ఎక్కడున్నాడో మాకెవులికీ తెల్దు. తుపానుకి తాటిసెట్టు పడిపోనాది, ఇసక కప్పీసినాది. రంగులోడి పుస్తకంలో ఉన్నాది అని కూతురికి సెప్పిందంట. ఉన్నాదా మరి?"

"ఉంది" అన్నాను.

"మూడింటిదాకా సూత్తాం. ఆనక తోటల పక్క ఖాళీలో తవ్వించేత్తాం" అని పెట్టేశాడు.

ఉంది అనేశాక ఉందో లేదో వెతకడానికి గదికి పరుగెత్తాను. తొందరపడి మాట ఇచ్చేసి తర్వాత చెమటలు కక్కడం నాకు కొత్త కాదు. పెట్టె అడుగున రెండూ ఒకచోటే ఉన్నాయి. నీలం అట్ట ఫీల్డు పుస్తకం, దాని కింద మూతి కట్టిన గుడ్డ సంచి. సంచి మీద నా చేతిరాతతో నలభై ఏడు అని ఉంది. దాని సంగతి మర్చిపోయానంటే అబద్ధం. మూడు ఇళ్ళు మారాను, మూడుసార్లూ మోశాను. రెండూ తీసుకుని, ఆఫీసులో జీపీఎస్ యంత్రం అడిగి పట్టుకుని, పన్నెండు దాటాక బండి మీద పలాస వైపు బయల్దేరాను.

కొన్నేళ్ళ కిందట పలాస షెడ్డులో అందరూ ఆమెను పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. పది వేళ్ళూ రెండో కణుపు దాకా నల్లగా ఉండేవి. వయసులో ఉన్నప్పటి నుంచీ పలాసలో జీడి పిక్కలు కొట్టిన చేతులవి, ఆ మరక ఏ సబ్బుకీ లొంగదు. చూపు మందగించాక పప్పు ఏరే పనిలోంచి తీసేశారు. మా దగ్గరకి వచ్చి, "ఇసక్కి సూపెందుకు బావూ, ఏళ్ళు సాల్తాయి" అని చేతులు చూపించింది.

మా కాంట్రాక్టు ఏమిటంటే, ఉద్దానం తీరపు ఇసుకలో బరువైన నల్ల ఖనిజాలు ఎక్కడెక్కడ ఎక్కువగా ఉన్నాయో పటం గీసి ఇవ్వడం. తీరం పొడవునా గళ్ళు గీసుకుని, ప్రతి గడి మూలనా చేతి బరమాతో నేలను తొలిచి, వచ్చిన ఇసుకను సంచిలో కట్టి నంబరు వేసి పలాస పంపేవారు. షెడ్డులో దాన్ని కుప్పపోసి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు పాళ్ళు కలిపి ఒక సగం పరీక్షకి తీసేవారు. రెండో సగం అదే నంబరుతో సంచిలో దాచాలి. పరీక్షకి వెళ్ళేది కడిగి, ఎండబెట్టి, జల్లించడం పెద్దమ్మ పని. ఆ ఫలితాలను ఉపగ్రహ చిత్రం మీద, పాత తీరాల పొర మీద, నేలల పొర మీద పరిచి, బాగున్నచోట ఎరుపూ లేనిచోట నీలమూ వెయ్యడం నా పని. జీఐఎస్ అంటే ఏమిటని అడిగితే ఇంతా వివరించాను. అంతా విని, "అయితే నువ్వు రంగులేసీవోడివన్నమాట" అంది. ఆ రోజుతో నా చదువు తేలిపోయింది.

ఆమె ఇసుకను కూడా జీడిపప్పులాగే రకాలు కట్టేది. కడిగిన ఇసుక దోసిట్లో పోసుకుని, బొటనవేలితో ఒకసారి తిప్పి, గుండు అనో బద్ద అనో నూక అనో చెప్పి పక్కన పెట్టేసేది. గుండు అంటే నల్లఖనిజం దండిగా ఉన్నట్టు, నూక అంటే ఒట్టి ఇసుక. నెల తర్వాత లాబ్ నుంచి కాగితాలు వచ్చేవి. ఎప్పుడో ఒకటి తప్ప అన్నీ ఆమె చెప్పినట్టే ఉండేవి. నాకు ఒళ్ళు మండేది.

ఒక్కోసారి నా వెనకాల నిలబడి తెర మీద రంగులు చూసేది. "ఇక్కడ బరమా ఎయ్యనేదు గదా, ఎర్రగా ఎలగొచ్చినాది?" అని అడిగింది ఓసారి. చుట్టుపక్కల నమూనాలను బట్టి మధ్యలో ఎంత ఉంటుందో కంప్యూటరే లెక్క కడుతుందని చెప్పాను. "గుప్పెడు ముట్టకుండా గోతాం మాట సెప్పకు బావూ" అంది. ఆ మాట నాతోనే కాదు, హైదరాబాదు నుంచి వచ్చే మా టీం లీడరుతోనూ అంది. వాళ్ళ పాస్టరుగారు ఎవరికో సంబంధం చెప్పబోతే ఆయనతోనూ అందట.

మధ్యాహ్నం అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఒక చెయ్యి మాత్రం జల్లెడ మీదే ఉండేది, ఎవరూ జరపకుండా. నీళ్ళు ఇంటి నుంచి కాచి తెచ్చుకునేది. భర్త కిడ్నీల జబ్బుతో పోయాడు. దాని గురించి పెద్దగా మాట్లాడేది కాదు, నేను కుళాయి నీళ్ళు తాగబోతే మాత్రం గ్లాసు లాక్కునేది. "సోంపేటోడివి, నీకు సెప్పాలేటి?" అని తిట్టేది. మాదీ ఆ జబ్బున్న ఉద్దానమే. నా భాషంటే ఆమెకి మహా వేళాకోళం. "ఇంటికాడ మీ అమ్మతో కూడా ఇలగే 'చెప్పండి, చూడండి' అంతావేటి?" అని నలుగురిలో అడిగేది. నేను సిగ్గుపడితే నవ్వేది.

నలభై ఏడో సంచి ఇసుక కడిగిన రోజు దోసిలి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది గుండు బావూ. అచ్చంగా గుండు" అంది. ఇంకే సంచినీ అంత మెచ్చుకోలేదు.

లాబ్ ఫలితం కూడా అదే చెప్పింది. పైగా నా దగ్గర ఇంకో ఆధారం ఉంది. గుంట దగ్గరే ముతక జల్లెడ మీద మిగిలే పెద్ద రవ్వలు ఆమె దాకా వెళ్ళవు, లోతు రాసి డబ్బాలో పోసి నాకిచ్చేస్తారు. నలభై ఏడులోనూ, ఆ వరసలో ఉన్న మరి కొన్ని గుంటల్లోనూ తెల్లటి పెచ్చులు వచ్చాయి. ఒక లోతులో కాదు, జానెడు జానెడుకీ. ఆసిడ్ చుక్క వేస్తే పొంగాయి. సముద్రపు గుల్ల పెచ్చులు అని రాసేశాను. ఆ గుంటలన్నీ ఒక గీతగా కలిపితే తీరానికి సమాంతరంగా చక్కగా వచ్చింది. ఒకప్పటి సముద్రపు ఒడ్డు అది, అలలు అక్కడే నల్ల ఇసుకను మేట వేశాయి అని తీర్మానించాను. పటంలో అక్కడ ఎరుపు చిక్కబడింది. టీం లీడరు ఫోన్ చేసి, "రిపోర్టులో ఇదే మొదటి పేజీ" అన్నాడు.

నా గొప్ప ఎవరికైనా చూపించుకోవాలి కదా. డబ్బా పట్టుకుని పెద్దమ్మ దగ్గరకి వెళ్ళాను. "పెద్దమ్మా, ఇదిగో, వేల ఏళ్ళ కిందటి సముద్రం ఒడ్డు" అన్నాను.

ఆమె ఒక పెచ్చు తీసుకుంది. బొటనవేలు నాలుకకి అద్దుకుని, పెచ్చును అరచేతిలో వేసి రుద్దింది. తెల్లగా చారపడింది. ఇంకోటి తీసుకుని రుద్దింది. మూడోది కూడా.

"ఇది గుల్ల కాదు బావూ. గుల్లయితే గీసుకుంతాది, ఇలగ పూసుకోదు. ఇది సున్నం."

"ఇసుకలో అంత లోతున సున్నం ఎక్కడిది?"

"ఎక్కడిదీ ఇసక?"

తెర మీద చూపించబోయాను. "అదంతా నాకెందుకు, నోటితో సెప్పు. అక్కడ తాటిసెట్టు ఒక్కటే ఉంతాదా?"

చిత్రాన్ని పెద్దది చేసి చూశాను. ఖాళీ ఇసుకలో ఒకే ఒక్క చెట్టు నీడ, సన్నగా. "ఉంది" అన్నాను.

ఆమె లేచి నీళ్ళ తొట్టి దాకా వెళ్ళింది. చేతులు ముంచబోయి ఆగి, వాటిని చూసుకుని, కడుక్కోకుండానే వెనక్కి వచ్చింది. "అది మా సమాదుల తోట బావూ. మా ఇంటాయన అక్కడే ఉన్నాడు. ఆ ఇసకని నా సేత్తో నానే కడిగినాను గదా" అంది.

తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఈస్టరు ముందు సమాధులకు సున్నం వేస్తారు. సముద్రం గాలికి దిబ్బ జరిగి, పాత సిలువలు ఇసుక కింద పడిపోయాయి. అయినా మానలేదు. తాటిచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టుకుని, తమ మనిషి ఉన్నచోట ఇసుక మీదే సున్నపు నీళ్ళు పోస్తారు. అది ఎండి పెచ్చుకడుతుంది, దాని మీద ఇసుక పడుతుంది, మరుసటేడు మళ్ళీ పోస్తారు. ఎవరి అడుగులు వాళ్ళ ఇంటివాళ్ళకి తెలుసు. అందరి అడుగులూ తెలిసింది మాత్రం ఆమెకే. ఊళ్ళో ఆడవాళ్ళు ఎవరు పోయినా స్నానం చేయించేదీ, ఇంట్లో ఎవరూ మిగలని సమాధులకు సున్నం పోసేదీ ఆమె. బరమా దించినవాళ్ళు బయటివాళ్ళు, వాళ్ళకి ఇసుక తప్ప ఏమీ కనపడలేదు. నేను బయటివాణ్ణి కాదు, సోంపేటవాణ్ణి. నాకూ కనపడలేదు.

టీం లీడరుకి ఫోన్ చేశాను. రిపోర్టు నాలుగో రోజున వెళ్ళిపోవాలి. "రెవెన్యూ రికార్డులో ఇసుక దిబ్బ అనే ఉంది. ఒక కూలి మనిషి మాట మీద తవ్వకం బ్లాకు సరిహద్దు మార్చమంటావా?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "సరే, జీపీఎస్ పాయింట్లు తీసుకురా. ఒక్కో సమాధికి ఒక్కో పాయింటు. రెండు రోజులు టైము" అన్నాడు.

మర్నాడు ఎండెక్కక ముందే తాటిచెట్టు దగ్గర ఉన్నాం. ముందు చెట్టుకే పాయింటు తీయించింది. తర్వాత చెప్పులు విడిచి, చెట్టుకి వీపు ఆనించి నిలబడి, నడవడం మొదలుపెట్టింది. పెదవులు కదుపుతూ లెక్క. ఆగిన చోట మడమతో ఒక గుంట. "ఇది మా పెద్దాడపడుసు. పంతొమ్మిది, సముద్రం పక్క. రాయి." నేను జీపీఎస్ అంకెలు రాసుకుంటుంటే తొంగి చూసి, "నీ అంకెలు నువ్వు రాసుకో, నా అడుగులు కూడా రాయి" అంది. ఎందుకు రెండూ అంటే వినలేదు. ఒకచోట వంగి ఇసుకను తట్టింది. "ఇక్కడ పసిగుడ్డు. పేరెట్టనేదు. పేరు నేదని మానీకు, రాయి" అంది. ఎండ నెత్తికెక్కేసరికి అరవై అయ్యాయి.

అరవై ఒకటోది భర్తది. తాటి నుంచి సముద్రం పక్క నలభై ఒకటి, ఎడమకి ఆరు. ఆమె అక్కడ ఆగింది. యంత్రం తెర మీద నేను నిలబడ్డ చోటూ, నలభై ఏడో గుంటా ఒకే చుక్కగా కనపడుతున్నాయి.

"ఇక్కడేనా బరమా ఎట్టినారు?"

"యంత్రం కచ్చితంగా చెప్పలేదు పెద్దమ్మా. మూడు మీటర్లు అటూ ఇటూ."

"ఎంత లోతు దించినారు?"

"ఆరు మీటర్లు."

"మనిసిని ఆరడుగుల్లోనే పెడతారు బావూ" అంది. తర్వాత నా కళ్ళలోకి చూసి, "మూడు మీటర్లు అటూ ఇటూ అంటే, ఆయన్ని కోసినట్టా, కొయ్యనట్టా?" అని అడిగింది.

నాకు చదువు చెప్పిన ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. పుస్తకంలో అంకెలు రాసుకున్నాను. ఆమె వంగి ఇసుకను అరచేత్తో సదిరి లేచింది.

షెడ్డుకి తిరిగొచ్చాక అడిగింది. "ఆ సంచి ఇచ్చీ బావూ. తీసినకాడే ఏసేత్తాను."

నలభై ఏడు రెండో సగం అరలో ఉంది. రిపోర్టును పైవాళ్ళు ఒప్పుకునేదాకా దాన్ని కదపకూడదు. మళ్ళీ పరీక్షకి అడిగితే చూపించాలి, నంబరు తప్పితే నన్ను పట్టుకుంటారు. ఇదంతా ఆమెకి చెప్పాను. "నా ఉద్యోగం పోద్ది పెద్దమ్మా" అని కూడా అన్నాను. ఉద్యోగం పోయేది కాదు, మహా అయితే నాలుగు చీవాట్లు పడేవి. సంచిలో ఇంకేదైనా ఇసుక పోసి ఉంచినా ఎవడికీ తెలిసేది కాదు. నేను పిరికివాణ్ణి, అంతే. ఆమె "సర్లే" అంది. మర్నాడు పనికి వచ్చింది. జల్లెడ పట్టింది, కడిగింది, ఎండబెట్టింది. గుండు అని గానీ నూక అని గానీ ఆ రోజు ఏ సంచికీ చెప్పలేదు.

అరవై ఒక్క చుక్కలూ పటంలో పెట్టి, చుట్టూ గీత గీసి, సమాధుల తోట అని రాశాను. నా పాత సముద్రపు ఒడ్డును నా చేత్తోనే చెరిపేశాను. టీం లీడరు పటం చూశాడు. "మొదటి పేజీ పోయింది. పోనీ, ఇదే పంపు" అన్నాడు. బ్లాకు సరిహద్దు ఆ గీత దగ్గర లోపలికి వంగింది. తర్వాత ఆ పని ఏమైందో పైవాళ్ళకే తెలియాలి. షెడ్డు ఖాళీ చేసిన రోజు మిగిలిన సంచులన్నీ వెనక్కి విసిరేస్తుంటే నలభై ఏడు ఒక్కటీ తీసి దాచుకున్నాను. వచ్చే వారం తీసుకెళ్ళి ఇద్దామనుకున్నాను. ఆ వారం రాలేదు.

ఒకసారి కాశీబుగ్గ బస్టాండులో కనిపించింది. మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. డయాలసిస్ అయ్యి ఊరికి వెళ్ళే బస్సు కోసం కూర్చుంది. నన్ను చూసి, "బాగున్నావా బావూ, ఇంకా రంగులేత్తన్నావా?" అని నవ్వింది. సంచి సంగతి అడుగుతుందేమోనని బస్సు వచ్చే వైపే చూస్తూ నిలబడ్డాను. అడగలేదు. బస్సు వస్తే ఎక్కించి, నేనే ముందు చెయ్యి ఊపాను.

బండి మీద వాళ్ళ ఊరు చేరేసరికి రెండు దాటింది. దిబ్బ మీద జనం ఉన్నారు, పారలు పట్టుకుని. ఆమె శవపెట్టెను జీడితోట నీడలో దించి ఉంచారు. ఎటు చూసినా ఒకే ఇసుక. నేను యంత్రం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే సంఘ పెద్ద మాటిమాటికీ గడియారం చూశాడు. తాటి పాయింటు దగ్గర తవ్వమన్నాను. ఒకచోట ఏమీ లేదు. నాలుగడుగులు జరిగి తవ్వారు, అక్కడా లేదు. "పొద్దెల్లిపోతన్నాది బావూ" అన్నారెవరో. మూడోచోట పార దేనికో తగిలింది. తాటి మొద్దు.

అడుగులు ఎవరు వెయ్యాలి? నా అడుగు ఆమె అడుగు కాదు. అప్పుడు ఆమె కూతురు ముందుకొచ్చింది. అదే ఎత్తు, అదే నడక. చెప్పులు విడిచి, మొద్దుకి వీపు చేసి నిలబడింది. నేను పుస్తకం తీసి చదివాను. నలభై ఒకటి, సముద్రం పక్క. ఎడమకి ఆరు. ఆమె ఆగిన చోటికి రెండడుగుల అవతల తవ్వడం మొదలుపెట్టారు.

నడుము లోతు దిగాక గుంట గోడలో తెల్లటి చారలు కనపడ్డాయి, ఒకదాని కింద ఒకటి. "గుల్లలు" అన్నాడు తవ్వే అతను. నేను గుంటలోకి దిగి ఒక పెచ్చు తీసి, బొటనవేలు నాలుకకి అద్దుకుని అరచేతిలో రుద్దాను. పూసుకుంది. "గుల్ల కాదు, సున్నం. ఇక్కడే" అన్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ప్రార్థన అయింది. పెట్టె దించారు. తలా ఒక గుప్పెడు ఇసుక వేస్తుంటే నేను సంచి మూతి విప్పాను. కూతురు నా చెయ్యి పట్టుకుంది. "ఏటిది?"

చెప్పాను. ఎక్కడిదో, ఎవరు అడిగారో, నేను ఎందుకు ఇవ్వలేదో అంతా చెప్పాను. ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒకసారి తిప్పి తీసింది.

"అడిగినప్పుడు ఇచ్చుంటే, మా అమ్మే తన సేత్తో ఏసుకునీది గదా బావూ" అంది.

సంచి బోర్లించి అడుగంటా దులిపాను. గుంట పూడ్చారు, పైన సున్నపు నీళ్ళు పోశారు. జనం ఊరి వైపు మళ్ళారు. నేనూ బండి వైపు నడవబోతుంటే కూతురు పిలిచింది.

"పుస్తకం తియ్యి" అంది. తండ్రి ఉన్నచోట నిలబడి, తల్లి వైపు రెండడుగులు వేసి ఆగి, మడమతో ఇసుకలో గుంట పెట్టింది. "అరవై రెండు. అయ్య పక్కన, రెండడుగులు. నీ అంకెలు కూడా రాయి."